నలభై ఆరు చేతుల గోడ

నడక 3,106
జనం: పద్నాలుగు మంది. గాలి మీటరు: 99.4. దెబ్బలు: ఒక నుదురు.

నుదురు భూమి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషిది. భూమి వాళ్ళకు ఈ అంగారకం మీద ఒంటి బరువు మూడో వంతుకు పడిపోతుంది. నడవమంటే గెంతుతారు. మా బాయిపేట సందుల కప్పు ఆరున్నర అడుగుల ఎత్తే. అందుకే గేటు దగ్గర అందరికీ టోపీలు ఇచ్చి, పెట్టుకోమని బతిమాలతాను. ఆయన దువ్విన జుట్టు పాడవుతుందని టోపీని చంకలో పెట్టుకున్నాడు. రెండో సందు మలుపులో ఠంగుమంది. ఆ తరువాత ఫలహారం తినేటప్పుడు కూడా టోపీ తీయలేదు.

జనం ఎందరు, గాలి మీటరు ఎంత (నూరుంటే నిండు గాలి), దెబ్బలు ఏమైనా ఉన్నాయా అన్న మూడు సంగతులు ప్రతి నడక తరువాత రాయాలని నగర కార్యాలయం నిబంధన. పేజీలో మిగతా చోటంతా ఖాళీగా వదిలారు. ఖాళీ కాగితం చూస్తే నేను ఊరుకోలేను.

నా పేరు బొంకూరి సమ్మక్క. పదకొండేళ్ళుగా బాయిపేటను నడిపించి చూపిస్తున్నాను. ఇంటిపేరు వినగానే ఎవరో ఒకరు "అయితే మీరు చెప్పేవి నమ్మొచ్చా?" అంటారు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. పుట్టింది ఇక్కడే, మూడో సందులో. అంగారకం మీద మనుషులు తవ్వుకున్న మొదటి పేట ఇది. కొత్తగూడెం, గోదావరిఖని బొగ్గుబాయిల్లో చేతులు కాయలు కాచినవాళ్ళు వచ్చి, రాతిలో సొరంగాలు తవ్వి, వాటిలోనే కాపురాలు పెట్టారు. అద్దాల గుమ్మటాల పైనగరం ఆ తరువాత లేచింది. ఇప్పుడు అక్కడ లక్షమంది. మా ఏడు సందుల్లో నూట అరవై మందిమి.

నడక గేటు దగ్గర మొదలై, బాయి దీపాలు దాచుకున్న గది మీదుగా, ఓదమ్మ మెస్సు మీదుగా, ఏడో సందు చివర చేతుల గోడ దగ్గర ముగుస్తుంది. ఎర్రటి గచ్చులో లోతుగా దిగిన నలభై ఆరు అరచేతులు. అక్కడ నేను గొంతు తగ్గించి, "పేట తవ్వడం పూర్తయిన రోజున నలభై ఆరుగురు పనివాళ్ళు సంతోషం పట్టలేక పచ్చి గచ్చు మీద చేతులు అద్దారు" అంటాను. జనం తమ చేతులు ఆ గుర్తుల్లో పెట్టి ఫోటోలు దిగుతారు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి గుమ్మంలో మంచం మీద కూర్చున్న రాజేశం తాత కర్ర ఎత్తుతాడు.

"గట్లేం కాదు!"

దుర్గం రాజేశం. ఎనభై ఏళ్ళు. పేటలో అందరికంటే పెద్దవాడు. పదకొండేళ్ళుగా ఇదే మాట, ఒక్క నడక తప్పకుండా. "తాతకు కొంచెం మతిమరుపు" అని జనం చెవిలో వేస్తాను. అది అబద్ధం. నాకు నాలుగో తరగతి లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయో కూడా ఆయనకు గుర్తే.

నడక 3,109
జనం: తొమ్మిది మంది. గాలి మీటరు: 98.6. దెబ్బలు: లేవు.

ఓదమ్మ మెస్సులో భోజనం ఆలస్యమైంది. ఇలాంటిది నా జీవితంలో జరగలేదు. ఓదమ్మకు అరవై రెండేళ్ళు, మెస్సు మొదలుపెట్టి ముప్పై. గంట కొట్టిందంటే పళ్ళెంలో పప్పు ఉండాల్సిందే. ఇవాళ నేను జనాన్ని వెంటేసుకుని వెళ్తే, ఆమె గరిటెతో గిన్నెలోకి చూస్తూ నిలబడి ఉంది.

"పప్పు ఉడుకుతలేదు సమ్మక్కా."

"పాత పప్పేమో."

"మొన్న వచ్చింది. నిన్న గిట్లనే సతాయించింది. నీళ్ళు జల్ది మసులుతానయ్, పప్పు మాత్రం రాయి లెక్కనే ఉంటాంది."

నీళ్ళు తొందరగా మరిగి, పప్పు ఉడకడం లేదంటే గాలి పలచబడుతోందని అర్థం. ఇది ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇద్దరం మీటరు వంక చూశాం. పోయిన వారం 99.4. ఇవాళ 98.6. నా చెవులు పొద్దుటి నుంచి ఎందుకు టప్ టప్ మంటున్నాయో అప్పుడు అర్థమైంది.

జనం ఎదుట ఏమీ అనలేదు. ఓదమ్మ ఆ పప్పునే ఇంకో గంట ఉడికించింది. ఈలోగా తొమ్మిదిమందికీ బాయి దీపం తలకు కట్టుకోవడం నేర్పాను. నడకలో లేని ఘట్టం అది. వాళ్ళకు బాగా నచ్చింది.

నడక 3,114
జనం: పదకొండు మంది. గాలి మీటరు: 97.5. దెబ్బలు: లేవు.

పైనగరం గాలి విభాగం నుంచి ఇంజనీరు వచ్చింది. పసుమర్తి హైమవతి. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. మనిషి సన్నగా ఉన్నా మోసుకొచ్చిన పెట్టెలు అయిదు. ఎవరినీ పట్టుకోనివ్వలేదు.

"బయటి గోడలన్నీ చూస్తానండీ. గాలి ఎక్కడో అక్కడ బయటికి పోతూ ఉండాలి కదా. రెండ్రోజుల్లో దొరికిపోతుంది, కంగారు పడకండి."

బాయిపేటకు బయటి గోడలు నాలుగున్నర కిలోమీటర్లు. ఆమె అంగుళం అంగుళం యంత్రం ఆనించి చూసుకుంటూ పోతోంది. చేతుల గోడ దగ్గరకు వచ్చినప్పుడు ఆగి, తన చేతిలోని తెర పలకలో పటం చూసుకుని, ముందుకు కదిలింది. ఆ గోడ వెనక అరవై మీటర్ల మందాన రాయి ఉన్నట్టు పటంలో ఉంది. గాలి అటు పోవడానికి దారే లేదు.

ఇవాళ్టి నడకలో ఒక వింత. పైనగరం నుంచి వచ్చిన ఒకావిడ గోడలో చెయ్యి పెట్టి ఫోటో దిగుతూ, వేళ్ళ మధ్య ఉన్న నడక టికెట్‌ను వదిలేసింది. అది కింద పడలేదు. గోడకే అతుక్కుని అలా నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"గోడకు మీరు నచ్చారు" అన్నాను.

ఎదురుగా మంచం మీద తాత మాత్రం నవ్వలేదు. టికెట్ వంక చాలాసేపు చూశాడు.

నడక 3,119
జనం: ఆరుగురు. గాలి మీటరు: 96.1. దెబ్బలు: లేవు.

రెండు రోజులన్న హైమవతి అయిదో రోజు కూడా వెతుకుతూనే ఉంది. కళ్ళ కింద నల్లటి చారలు వచ్చాయి. బయటి గోడల్లో సూది మోపేంత కన్నం కూడా లేదట. గాలి మాత్రం పోతూనే ఉంది.

సాయంత్రం మెస్సులో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. దాచలేదు, నసగలేదు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

"తొంభై నాలుగుకు దిగితే గేటు మూసేయాలండీ. అది నా చేతిలో లేదు. బాయిపేట గాలి పైనగరం గాలితో కలుస్తుంది కాబట్టి, ఇక్కడి చిల్లు వాళ్ళకూ ప్రమాదమే. మీ అందరికీ పైన ఇళ్ళు సిద్ధం చేస్తున్నారు."

"అందరం ఒక్కతానేనా?" అంది ఓదమ్మ.

"తొమ్మిది గుమ్మటాల్లో ఖాళీలున్నాయి. ఎవరికి ఎక్కడ దొరికితే అక్కడ."

ఆ తరువాత ఓదమ్మే లేచి, మెస్సులో ఉన్న దూది అంతా బయటికి తీసింది. పోగులు చేసి, ప్రతి కీలు దగ్గరా, ప్రతి తలుపు సందు దగ్గరా, ప్రతి గొట్టం దగ్గరా వేలాడదీయాలట. గాలి ఎటు పోతే పోగు అటు ఊగుతుంది. యంత్రానికి దొరకనిది దూదికి దొరుకుతుందని ఆమె పట్టు. పేటంతా పూనుకుంది. ఏడు సందుల్లో మూడు వేల పోగులు. చేతుల గోడకు మాత్రం కట్టలేదు. మేకులు కొట్టడానికి నేనే ఒప్పుకోలేదు.

ఇవాళ వచ్చిన ఆరుగురూ "ఏం పండగండీ?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక, "పోగుల పండగ" అన్నాను. బొంకూరి అన్న పేరు నిలబెట్టాను.

నడక 3,121
జనం: నలుగురు. గాలి మీటరు: 95.0. దెబ్బలు: లేవు.

పోగులు అన్నీ నిటారుగా వేలాడుతున్నాయి.

సామాన్లు సర్దడం మొదలైంది. మూడో సందులో మా ఇంట్లో నేనూ రెండు పెట్టెలు నింపాను. పెట్టెలో పట్టనిది ఏమిటా అని చూస్తే, గోడలే. మా నాన్న ఉలి గాట్లు ఉన్న గోడలు. పైన అద్దాల ఇంట్లో వేలు పెట్టి తడమడానికి ఏముంటుంది?

నాకు పైనగరంలో కూడా పని చూపిస్తామన్నారు, పూలతోటల నడక. మంచిదే. పూలు నా మాట కాదనవు.

రాజేశం తాత మాత్రం ఒక్క గిన్నె కూడా సర్దలేదు. మంచం ఎత్తనివ్వలేదు. "ఎల్లుండి గేటు మూస్తారు తాతా" అని హైమవతి నెమ్మదిగా చెప్తే, "ముయ్యమను. తిరిగి తెర్సేటప్పుడు నన్ను లేపమను" అన్నాడు.

నడక 3,122
జనం: పన్నెండు మంది, ఇంజనీరుతో కలిపి. గాలి మీటరు: 94.3. దెబ్బలు: కింద రాశాను.

ఇది ఆఖరి నడక అని ముందే తెలుసు. టోపీలు తుడిచిపెట్టాను. ఇస్త్రీ చీర కట్టుకున్నాను. హైమవతి వచ్చి వరుసలో నిలబడింది.

"ఇన్ని రోజులూ గోడల్నే చూశాను. పేటను చూడలేదు. ఒక్కసారి చూపిస్తారా?" అంది.

బాగా చెప్పాను. ఎప్పటికంటే బాగా చెప్పాను. దీపాల గది దగ్గర ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. మెస్సు దగ్గర ఓదమ్మ పప్పు పెట్టింది. ఉడకలేదు, అయినా అందరూ తిన్నారు. ఏడో సందు చివర నిలబడి గొంతు తగ్గించాను.

"ఆ రోజున నలభై ఆరుగురు పనివాళ్ళు సంతోషం పట్టలేక..."

"గట్లేం కాదు!"

పదకొండేళ్ళు ఊరుకున్నాను. ఇవాళ ఊరుకోలేకపోయాను. జనం ఉన్నారని కూడా చూడలేదు.

"అయితే ఎట్లనో నువ్వే చెప్పు తాతా! పదకొండేండ్ల నుంచి గట్ల కాదు, గట్ల కాదు అనుడే గని, ఎట్లనో ఎన్నడన్న చెప్పినవా?"

తాత నా వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"నువ్వు ఎన్నడన్న అడిగినవా బిడ్డా?"

నిజమే. మూడు వేల నూట ఇరవై రెండు నడకలు. ఒక్కసారీ అడగలేదు. పై వాళ్ళు ఇచ్చిన పుస్తకంలో ఉన్నది బట్టీపట్టాను, బాగుంది కదా అని ఉప్పూకారం జోడించాను.

తాత మంచం దిగాడు. కర్ర పొడుచుకుంటూ వచ్చి గోడ ముందు నిలబడ్డాడు.

"ఇవి నలభై ఆరుగురి చేతులు కావు. ఇరవై ముగ్గురియి. లెక్క పెట్టు. కుడియి ఇరవై మూడు, ఎడమయి ఇరవై మూడు."

నేను చూశాను. జనం చూశారు. హైమవతి వేలు పెట్టి లెక్కపెట్టింది. కుడివి ఇరవై మూడు, ఎడమవి ఇరవై మూడు. అన్నీ జతలే. అందులో సగానికి సగం చిన్న చేతులు, సన్నని వేళ్ళు. ఇన్నేళ్ళూ ఇక్కడ నిలబడి "పనివాళ్ళు, పనివాళ్ళు" అన్నాను. ఆడవాళ్ళ చేతుల్ని చూడనే లేదు.

"నాకప్పుడు తొమ్మిదేండ్లు," అన్నాడు తాత. "నన్ను గన్న అవ్వోళ్ళకు ఈడ బతుకమ్మ ఆడ జాగ లేదు. సందు ఎడల్పు ఎనిమిదడుగులే. గుండ్రంగ తిరుగుదామంటె ఎట్ల తిరుగుతరు? రైలు డబ్బాల లెక్క ఒకలెనుక ఒకలు నడిచేటోళ్ళు. మా అవ్వ మా అయ్యతోని కొట్లాట వెట్టుకున్నది, ఊరంత తవ్వుతవ్, మాకొక్క గుండ్రటి గది తవ్వరాదా అని. అయ్య పనోళ్ళ మీద సర్దారు, పెద్ద మేస్త్రి లెక్క. పై ఆఫీసుల అడిగిండు. పటంల లేదు, తవ్వద్దన్నరు. ఇగ షిఫ్టు దిగినంక రోజింత, ఎవలకు తెల్వకుంట తవ్విన్రు. పద్నాలుగు నెలలు."

"ఎక్కడ తవ్వారు?" అంది హైమవతి. గొంతు మారింది.

తాత కర్రతో గోడను చూపించాడు.

"ఇంక మూడు దినాలకు బతుకమ్మ అనంగ అయిపోయింది. అందరం చూడవోయినం. ముచ్చట్లు చెప్పుకుంట నవ్వుతాన్రు. అప్పుడు పైన కప్పుల ఈల ఏసినట్టు చప్పుడైంది. గాలి వోతాంది. అయ్య అందరిని బయటికి తోలిండు. ఇనుప రేకులు అడ్డం వెట్టిన్రు, మీద గచ్చు మెత్తిన్రు. గచ్చు ఆరకముందే రేకుల సందులల్లకెల్లి లోపటికి గుంజుకవోతాంది. యాడ బొక్క వడితె ఆడ అరచెయ్యి అడ్డం వెట్టుడు. ఇరవై ముగ్గురు. నాలుగు గంటలు చెయ్యి తియ్యలే. గచ్చు వేడికి బొబ్బలెక్కినయ్. మా అవ్వ ఊకోకుండ నవ్విచ్చుకుంటనే ఉంది. ఒకాయనకు మూత్రం వస్తాందంటె, నువ్వు పోతే ఊరు వోతది, ఆపుకో అన్నది."

జనం పకపక నవ్వారు. నాకు నవ్వుతో పాటు ఏడుపు వచ్చింది.

"పై వాళ్ళకు తెలిస్తె అయ్యను భూమికి పంపుతరు. అందుకని సంతోషంతోని చేతులు ఒత్తినమని అందరు ఒక్కటే మాట చెప్పిన్రు. నాతోని ఒట్టు వెట్టించుకున్నడు అయ్య. ఆయన పోయి నలభై ఏండ్లాయె. ఇగ ఎవలకు భయం? టికెట్ గోడకు అతికిననాడే అనుమానమైంది, గని మతిమరుపోని మాట ఎవలింటరు? ఎవలు అడుగలె."

హైమవతి అప్పటికే గోడకు చెవి ఆనించింది. తాత కర్రతో పక్కన రాతిని కొట్టాడు. టక్. చేతుల మధ్య కొట్టాడు. డబ్ మని డొల్లగా మోగింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. పక్కింటి గుమ్మానికి వేలాడుతున్న దూదిపోగును పుటుక్కున తెంచి, గోడ మీద మెల్లగా జరుపుతూ పోయింది. ఒక చిన్న చేతి బొటనవేలి అంచున పోగు బిగుసుకుంది. ఆమె వేళ్ళు వదిలింది. పోగు పడలేదు. నిలువునా, గోడలోకి, మెల్లగా పోవడం మొదలుపెట్టింది.

"ఇక్కడే!" అని అరిచి హైమవతి గెంతింది. పుట్టింది అంగారకం మీదే అయినా, ఆ క్షణంలో భూమి నుంచి నిన్న దిగిన మనిషిలా గెంతింది. దెబ్బలు: ఒక నుదురు.

నడక లేదు
గాలి మీటరు: 94.2. నిన్న సాయంత్రం నుంచి కదల్లేదు.

హైమవతి నుదుటి కట్టుతోనే పని చేస్తోంది. నిన్ననే పగుళ్ళ మీద మైనం లాంటి ముద్ద మెత్తింది. గాలి ఆగింది. గేటు మూయలేదు. పొద్దున గోడకు సన్నటి కన్నం పెట్టి కెమెరా పంపితే, పలకలో కనిపించింది. గుండ్రటి గది. ముప్పై అడుగుల వెడల్పు. గోడ నిండా గునపం గాట్లు. నేల మధ్యలో ఒక మేకు, దానికి ఇంకా తాడు ముక్క. ఆ తాడు పట్టుకునే వాళ్ళు చుట్టూ గీత గీసి ఉంటారు. కప్పులో చెయ్యంత పొడవు చీలిక.

సాయంత్రం మెస్సులో మళ్ళీ కూర్చున్నాం. హైమవతి రెండు దారులు చెప్పింది.

"ఇటు నుంచే మందంగా గచ్చు మెత్తితే ఒక్క పూటలో అయిపోతుందండీ. చేతులన్నీ దాని కింద పోతాయి. రేకులను తుప్పు తినేసింది కాబట్టి నాలుగైదేళ్ళకు మళ్ళీ ఇదే బాధ. లేదంటే లోపలికి వెళ్ళి కప్పు చీలికే మూసేయాలి. ఇక దిగులుండదు. గది మీకు దక్కుతుంది. కానీ తలుపు కోయాలి. ఎనిమిది చేతులు పోతాయి."

నేను రెండిటికీ ఒప్పుకోలేదు. లేచి నిలబడి గట్టిగానే మాట్లాడాను. పదకొండేళ్ళు తప్పు కథ చెప్పాను, నిజం తెలిసిన మర్నాడే ఆ చేతులను కోసెయ్యమంటారా అన్నాను. ఇంకేదో దారి చూడమన్నాను. హైమవతి తల దించుకుంది. ఇంకో దారి లేదని అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

రాజేశం తాత కర్రతో నేల మీద కొట్టాడు.

"ఎడమ దిక్కు కొసకు కొయ్యిన్రి. ఆడ మా అయ్యయి, మా అవ్వయి ఉంటయ్. పక్కకు ఇంక ఇద్దరియి. వాళ్ళ బిడ్డలతోని నేను మాట్లాడుత."

"తాతా, నీ అవ్వ చేతులు..."

"బిడ్డా, ఆళ్ళు గోడ కోసం తవ్వలే. గది కోసం తవ్విన్రు."

నేను కూర్చున్నాను.

నడక లేదు
గాలి మీటరు: 96.8.

తలుపు కోశారు. ముందు సందుకు అడ్డంగా గాలి చొరని గుడారం కట్టి, లోపల హైమవతీ ఇంకో ఇద్దరూ ఊపిరి సంచులు తగిలించుకుని కోశారు. ఎనిమిది చేతుల పలకను ఒక్క ముక్కగా తీస్తానని ఆమె తాతకు మాటిచ్చింది. రెండు గంటలు పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుకొచ్చింది. ఆఖరి జానెడు దూరంలో పటుక్కుమని మూడు ముక్కలైంది. సరిగ్గా తాత వాళ్ళ అయ్య కుడిచేతి మధ్య నుంచి.

హైమవతి గుడారం బయటికి వచ్చి ఆయన ముందు నిలబడింది. "క్షమించండి తాతగారూ" అంటూనే ఏడ్చేసింది.

తాత ముక్కలను చూశాడు. వాళ్ళ అమ్మవి, చిన్న చేతులు రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"మా అయ్య ఎన్నడు చెప్పినట్టు ఇన్లే. ఆమెవి మంచిగున్నయ్ కద, సాలు," అని నవ్వాడు. ఆ ముక్కను ఇద్దరు పట్టుకుని ఆయన మంచం తలాపున గోడకు ఆనించారు. అన్నం తినమన్నా అక్కడి నుంచి కదల్లేదు.

చీలిక మూశారు. పైనగరం నుంచి గాలి వదులుతున్నారు. మీటరు ఎక్కుతోంది. మధ్యాహ్నం ఓదమ్మ పప్పు గిన్నె దించి, రెండు బద్దలు వేళ్ళతో నలిపి, ఎవరికీ చెప్పకుండా గంట కొట్టింది. ఆ గంట అలా కొడుతూనే ఉంది. జనం పరుగెత్తుకొచ్చారు.

నడక 3,123
జనం: ముప్పై ఒక్కరు. గాలి మీటరు: 99.8. దెబ్బలు: లేవు.

బతుకమ్మ ఇవాళ. పంచాంగం భూమి నుంచే వస్తుంది.

తంగేడు, గునుగు మేమెవరమూ కళ్ళతో చూడలేదు. మా బతుకమ్మలు ఆవపూలవి, ముల్లంగి పూలవి, ధనియాల పూలవి. పైనగరం తోటల వాళ్ళు ఈసారి గంపలు గంపలు పంపారు. పొద్దుటి నుంచి మెస్సులో వంట లేదు, పూలు పేర్చడమే. ఓదమ్మ పేర్చినది మోకాలి ఎత్తుకు వచ్చింది.

నడకకు వచ్చిన ముప్పై ఒక్కరికీ గోడ దగ్గర కథ రాజేశం తాత చెప్పాడు. నేను ఆయన పక్కన నిలబడి విన్నాను. నిన్న అడిగితే ఇంకో ఇద్దరి పేర్లు గుర్తు తెచ్చుకున్నాడు. ఇప్పటికి ఇరవై ముగ్గురిలో పంతొమ్మిది మంది పేర్లు దొరికాయి. మిగతా నాలుగు కోసం నేను పేటలో ఇంటింటికీ తిరుగుతున్నాను. పై వాళ్ళు ఇచ్చిన పుస్తకంలో ఆ పేజీ చింపేసి, తాత చెప్పింది చెప్పినట్టు రాసి అంటించాను.

తరువాత అందరం ఒక్కొక్కరుగా తలుపు దాటి గదిలోకి వెళ్ళాం. లోపల కప్పు ఎత్తుగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక బాయిపేటలో నేను తల పైకెత్తి నిలబడ్డ మొదటి చోటు అది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మాట్లాడితే గుండ్రటి గోడ తిరిగి పలుకుతోంది.

బతుకమ్మలను మధ్యలో పెట్టారు. ఓదమ్మ గొంతెత్తింది. పేట ఆడవాళ్ళు చుట్టూ కదిలారు. మా అమ్మ నేర్పిన అడుగు నాకు సందులో వరుసగా నడవడమే. గుండ్రంగా తిరగడం ఎవరికీ రాదు. మొదటి చుట్టులో ఒకరి మీద ఒకరు పడ్డాం. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న తాత కర్రతో నేల మీద దరువు వేశాడు.

"నిమ్మలంగ! కుడికి ఒంగున్రి, చప్పట్లు కొట్టున్రి, ఒక్క అడుగు! ఉరుకకున్రి!"

మూడో చుట్టుకు అడుగు కుదిరింది. ఒంటి బరువు మూడో వంతే కదా, చప్పట్లు కొట్టి అడుగు వేస్తే నేల మీద నుంచి కాస్త తేలుతాం. అందరం ఒక్కసారే తేలి ఒక్కసారే దిగుతుంటే గది ఊపిరి పీల్చి వదులుతున్నట్టుంది. చూడటానికి వచ్చినవాళ్ళు గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేను ఇద్దరి చేతులు పట్టి లోపలికి లాగాను. ఆ తరువాత పిలవాల్సిన పని లేకపోయింది. హైమవతి చీర కుచ్చిళ్ళు దోపుకుని ఓదమ్మ పక్కన దూరింది. ఆమె చప్పట్లు అందరికంటే ఒక దెబ్బ వెనక పడుతున్నాయి. ఎవరూ పట్టించుకోలేదు.

పైనగరం నుంచి ఇంకా వస్తూనే ఉన్నారు. ఒక చుట్టు రెండయింది, రెండు మూడయ్యాయి. మూడో చుట్టువాళ్ళ భుజాలు గోడకు రాసుకుంటున్నాయి. గుమ్మం బయట సందులో ఇంకో నలభై మంది నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

పాట ఆగాక ఓదమ్మ రొప్పుతూ చుట్టూ చూసింది. వెనక గోడ దాకా నడిచి, అరచేత్తో దాన్ని తట్టింది.

"గది సాలుతలేదు. ఏమమ్మా ఇంజనీరమ్మా, గీ దిక్కు ఇంకో పదడుగులు జరుపరాదా?"

"మీరు మళ్ళీ చెప్పకుండా తవ్వేస్తారేమోనని భయంగా ఉందండీ," అంది హైమవతి. "అర్జీ పెట్టండి. ముందు రాతిని నేను పరీక్ష చేస్తాను. పటంలో కూడా ఎక్కిస్తాను."

అర్జీ అక్కడే రాశాం. కాగితం ఈ పుస్తకంలోదే, కాబట్టి ఈ రోజు పేజీ సగమే మిగిలింది. తాత సంతకం మొదట. ఓదమ్మది తరువాత. నాది మూడోది. ఇంజనీరు సంతకం పెట్టకూడదని హైమవతి అంది, పెన్ను అడిగి తీసుకుంది, కింద ఒక మూలన పెట్టింది. అప్పటికి పాట మళ్ళీ మొదలైంది.